‘ది లాస్ట్ హుర్రా’: నవలతో మొదలుపెట్టాలా, సినిమాతోనా, టీవీ చిత్రంతోనా?

72వ పుట్టినరోజు నాడు ఒక మేయర్ మళ్లీ పోటీ చేస్తున్నానని ప్రకటిస్తాడు. భార్య పోయి చాలా కాలమైంది. ఉన్న ఒక్క కొడుక్కి డ్యాన్సులూ షికార్లూ తప్ప తండ్రి ఎన్నిక పట్టదు. అందుకని పత్రికలో పనిచేసే మేనల్లుడిని పిలిచి, ఇలాంటి ప్రచారం ఇక మీదట ఎవరూ చెయ్యరు, నాతో తిరిగి చూడు అంటాడు. మేనల్లుడు వెంట నడుస్తాడు, ఆయనతోపాటు మనమూ నడుస్తాం. ఎడ్విన్ ఓకానర్ 1956లో రాసిన ‘ది లాస్ట్ హుర్రా’ నవల ఇలా మొదలవుతుంది. రెండేళ్లకే, 1958లో, జాన్ ఫోర్డ్ దాన్ని సినిమాగా తీశాడు. 1977లో ఎన్‌బీసీ చానెల్ కోసం మరోసారి టీవీ చిత్రంగా వచ్చింది.

హుర్రా అంటే జేజే. ఈ నవల పేరు అమెరికన్ ఇంగ్లిష్‌లో నానుడిగా నిలిచిపోయింది. రంగం నుంచి తప్పుకునే ముందు ఒక మనిషి చేసే ఆఖరి ప్రయత్నాన్ని ఇప్పటికీ ఆ మాటతోనే చెబుతారు. ఆ నానుడి తెలిసి, అసలు కథ తెలియనివాళ్లు నాకు చాలామంది తగిలారు. వాళ్లంతా అడిగేది ఒకటే: “మూడింటిలో ఏది?”

ముందే ఒక మాట. మేయర్ ఫ్రాంక్ స్కెఫింగ్టన్ ఈ ఎన్నికలో ఓడిపోతాడు. పేరులోనే ఉంది కాబట్టి దాచి లాభం లేదు. ఆయన గెలుస్తాడా లేదా అన్నది ఈ కథలో సస్పెన్స్ కాదు. ఎందుకు ఓడాడు, ఎలా ఓడాడు అన్నవే అసలు ప్రశ్నలు. నవల మొదటి ప్రశ్నకు జవాబు చెబుతుంది, సినిమా రెండోదానికి. మీకు ఏ జవాబు కావాలో తేల్చుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

మొదటిది రాజకీయం పాలు. వార్డు వార్డునా మనుషుల్ని పెట్టుకుని, ఉద్యోగాలూ సాయాలూ పంచి, బదులుగా ఓట్లు రాబట్టుకునే పాతకాలపు నగర రాజకీయాన్ని అమెరికాలో ‘మెషీన్’ అనేవారు, దాన్ని నడిపేవాడిని ‘బాస్’ అనేవారు. ఆ మెషీన్ ఎలా తిరిగేదో లోపలికి వెళ్లి చూడాలని ఉందా, లేక ఒక మనిషి కథ చాలా?

రెండోది వృద్ధాప్యం. ముసలితనాన్ని మాటల్లో విడమరచి చెబితే మీకు పడుతుందా, ఒక ముఖంలో, ఒక నడకలో చూపిస్తే పడుతుందా?

మూడోది అవినీతి. స్కెఫింగ్టన్ మంచివాడా చెడ్డవాడా అన్న చోట మూడు రూపాలూ ఒకేలా ఉండవు. తప్పుల్ని కప్పిపుచ్చే కథ మీకు చిరాకు తెప్పిస్తే దీన్నే ముందు చూసుకోండి.

ఇక సమయం, ఓపిక. నవల 400 పేజీలు దాటుతుంది. అందులో సగం పైన సంభాషణలే, అవి కూడా తీరుబడిగా సాగే ఐరిష్ మాటకారితనంతో నిండినవి. సినిమాకు రెండు గంటలు చాలు.

| | నవల (1956) | ఫోర్డ్ సినిమా (1958) | టీవీ చిత్రం (1977) |
|---|---|---|---|
| మేయర్ ఎవరు | ఓకానర్ రాసిన మాటలు | స్పెన్సర్ ట్రేసీ | కారల్ ఓకానర్ |
| ఓటమికి కారణం | సూటిగా, వివరంగా చెబుతుంది | కాలం మారిందని చూపించి ఊరుకుంటుంది | మనిషి మీదే ఎక్కువ దృష్టి |
| ముసలితనం | మాటల్లో, జ్ఞాపకాల్లో | నడకలో, మౌనంలో | నటుడి గొంతులో |
| అవినీతి | రెండు వైపులా వాదన వినిపిస్తుంది | చాలావరకు క్షమిస్తుంది | నటుడి మీద అభిమానమే తూకం వేస్తుంది |
| ఎంత సమయం | వారం, పది రోజులు | ఒక సాయంత్రం | ఒక సాయంత్రం |
| ఎవరికి | రాజకీయం అర్థం చేసుకోవాలనుకునేవాళ్లకి | మొదటిసారి వచ్చేవాళ్లకి | మిగతా రెండూ అయినవాళ్లకి |

నవల: ఓటమి వెనక ఉన్న లెక్క

ఓకానర్ రేడియోలో పనిచేసి వచ్చినవాడు. మనుషులు ఎలా మాట్లాడతారో ఆయన చెవికి బాగా తెలుసు. అందుకే నవలలో ఒక్కొక్క పాత్ర నోరు విప్పగానే మనిషి కళ్ల ముందు నిలబడతాడు. నగరం పేరు ఎక్కడా చెప్పడు గానీ, అది బోస్టన్ అని అందరికీ తెలుసు. స్కెఫింగ్టన్ వెనక ఉన్నది బోస్టన్‌కు నాలుగుసార్లు మేయర్‌గా చేసిన జేమ్స్ మైకేల్ కర్లీ అనీ తెలుసు. ఆయన సంగతి తర్వాత వస్తుంది.

ఈ నవల ఒక్క అధ్యాయం కోసమైనా చదవాలంటే నేను శవ జాగారం ఘట్టం పేరు చెబుతాను. ఐరిష్ కుటుంబాల్లో మనిషి పోతే శవాన్ని ఇంట్లో ఉంచి, చుట్టాలూ ఇరుగుపొరుగూ రాత్రంతా కూర్చుంటారు. నాకో మినిహన్ అనే అతను చనిపోతాడు. బతికుండగా ఎవరికీ నచ్చని మనిషి. ఆ ఇంటికి పరామర్శకు నలుగురు కూడా రారు. స్కెఫింగ్టన్ వెళ్లి కూర్చుంటాడు. మేయర్ వచ్చాడని తెలియగానే ఊళ్లో ఉన్న చోటా నాయకులంతా దిగుతారు, ఇల్లు కిక్కిరిసిపోతుంది, ఒక మూల రాజకీయాలు మొదలవుతాయి. మేనల్లుడు ఆడమ్‌కి ఒళ్లు మండుతుంది. శవం పక్కన ఓట్ల లెక్కలా అని.

అప్పుడు స్కెఫింగ్టన్ పాత సహచరుడు జాన్ గోర్మన్ అతన్ని పక్కకి పిలిచి అసలు సంగతి చెబుతాడు. మేయర్ రాకపోతే ఆ ఇల్లు ఖాళీగా ఉండేది. భర్త శవం పక్కన ఆ విధవరాలు గెర్ట్ ఒంటరిగా కూర్చుని ఉండేది. రాజకీయం మాట్లాడ్డానికే వచ్చారు, నిజమే, కానీ వచ్చారు. అదీగాక స్కెఫింగ్టన్ ఆమె చేతిలో 1,000 డాలర్లు పెడతాడు. తను ఇస్తున్నట్టు కాకుండా, చనిపోయిన తన భార్య ఆమె కోసం విడిచి వెళ్లిన డబ్బని అబద్ధం చెప్పి పెడతాడు. అంత్యక్రియల వ్యాపారి బిల్లు బాగా పెంచేశాడని తెలిసి, పదవి బలం చూపించి తగ్గించేలా చేస్తాడు.

ఈ అధ్యాయం చదివాక నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. అదే పని దయ కూడా, దందా కూడా. రెండింటినీ విడదీయడం ఆడమ్ వల్ల కాలేదు, నా వల్ల కూడా కాలేదు. తెల్లవారకముందే నాయకుడి గుమ్మం ముందు దరఖాస్తులు పట్టుకుని నిలబడే జనం మనకు కొత్త కాదు. స్కెఫింగ్టన్ ఇంటి ముందు కూడా రోజూ పొద్దున్నే అలాగే వరస కడతారు. ఎవరింట్లో చావైనా పెళ్లైనా నాయకుడు వచ్చాడా లేదా అని లెక్కపెట్టుకునే ఊళ్లలో పెరిగినవాళ్లకు ఈ అధ్యాయం వేరే దేశం కథలా అనిపించదు.

రెండో గొప్ప ఘట్టం చివర్లో వస్తుంది. ఎన్నిక అయిపోయింది. కెవిన్ మెక్‌క్లస్కీ అనే కుర్ర లాయరు, చెప్పుకోదగ్గ పని ఏదీ చెయ్యనివాడు, టీవీలో ముచ్చటగా కనిపించినవాడు, గెలిచాడు. జాక్ మాంగన్ అనే యువ రాజకీయవేత్త ఆడమ్‌కి దానికి కారణం చెబుతాడు. మీ మామయ్యను ఓడించింది మెక్‌క్లస్కీ కాదు, రూజ్‌వెల్ట్ అంటాడు. 1930లలో ప్రెసిడెంట్ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తెచ్చిన న్యూ డీల్ వల్ల నిరుద్యోగ భృతి, వృద్ధాప్య పింఛను, సోషల్ సెక్యూరిటీ నేరుగా ప్రభుత్వం నుంచి వచ్చాయి. అంతకుముందు ఉద్యోగం పోతే, ఇంట్లో బొగ్గు అయిపోతే, కొడుకు పోలీసు స్టేషన్‌లో ఉంటే వార్డు నాయకుడి దగ్గరికే పరిగెత్తేవాళ్లు. చట్టం ప్రకారం రావలసింది చట్టం ప్రకారమే వస్తున్నప్పుడు బాస్‌తో పనేముంది? చెట్టు పైకి పచ్చగానే కనిపిస్తుంది, వేళ్లు మాత్రం ఎప్పుడో ఎండిపోయాయి. స్కెఫింగ్టన్‌కు ఆ సంగతి తెలియదు.

నవల ఇచ్చే పెద్ద బహుమతి ఈ వాదనే. ఇది సినిమాలో లేదు. ఆ ఒక్క కారణం చాలు, రాజకీయ శాస్త్రం చదివే విద్యార్థులకీ, ఎన్నికల మీద ఆసక్తి ఉన్నవాళ్లకీ నేను నవలే ముందు చేతిలో పెట్టడానికి. పింఛను నేరుగా ఖాతాలో పడుతున్న ఈ రోజుల్లో ఊరి పెద్ద పాత్ర ఏమవుతుందో ఆలోచించేవాళ్లకి మాంగన్ మాటలు చాలా దగ్గరగా తగులుతాయి.

అయితే ఆ వాదనను వేదవాక్కులా తీసుకోవద్దు. బ్రూస్ స్టేవ్ అనే చరిత్రకారుడు 1970లో పిట్స్‌బర్గ్ రాజకీయాల మీద పుస్తకం రాస్తూ, ఆ నగరంలో న్యూ డీల్ తెచ్చిన డబ్బూ ఉద్యోగాలే డెమోక్రటిక్ మెషీన్‌ను బలపరిచాయని చూపించాడు. షికాగో సంగతి ఇంకా స్పష్టం. ఈ నవల రావడానికి ఏడాది ముందే, 1955లో, రిచర్డ్ డేలీ అక్కడ మేయర్ అయ్యాడు. వరసగా ఆరు ఎన్నికలు గెలిచి, 1976లో చనిపోయేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. బాస్‌ల కాలం పోయిందని నవల ప్రకటించిన సమయంలోనే అమెరికాలో అందరికంటే బలమైన బాస్ ఒకడు పైకి వస్తున్నాడు. కాబట్టి మాంగన్ చెప్పింది ఒక నగరానికి సరిపోయే మంచి వివరణ, దేశమంతటికీ వర్తించే సూత్రం కాదు. నవల విలువ దీనివల్ల తగ్గదు. ఓకానర్ ఆ మాటలు తను చెప్పకుండా ఒక పాత్ర నోట చెప్పించాడు కదా.

నవలలో ఇబ్బందులూ ఉన్నాయి. ఆడమ్ పాత్ర బాగా పలచన. చూడ్డానికీ వినడానికీ తప్ప అతనికి పెద్దగా పని లేదు. ఆడవాళ్లకు చోటు తక్కువ. మొదటి వంద పేజీల్లో పేర్లు వరస కట్టి వస్తాయి, ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక కాగితం మీద రాసుకుంటే మేలు. డిట్టో బోలండ్ అని ఒక అనుచరుడుంటాడు, బట్టల్లో మాటల్లో అచ్చం మేయర్‌ను అనుకరించే అమాయకుడు. మొదట్లో నవ్వు తెప్పించే ఈ మనిషే చివర్లో గుండె పిండేస్తాడు. అక్కడిదాకా ఓపిక పట్టండి.

ఫోర్డ్ సినిమా: ఓడిన మనిషి నడక

జాన్ ఫోర్డ్ ఐరిష్ వలస కుటుంబంలో పుట్టినవాడు. ఈ కథ ఆయన చేతికి రావడం సహజమే అనిపిస్తుంది. ఫ్రాంక్ నుజెంట్ స్క్రీన్‌ప్లే రాశాడు, కొలంబియా పిక్చర్స్ తీసింది, నలుపు తెలుపుల్లో. నగరం పేరు ఇక్కడా లేదు, న్యూ ఇంగ్లండ్‌లో (బోస్టన్ ఉన్న అమెరికా ఈశాన్య ప్రాంతం) ఒక నగరం అని మాత్రమే తెర మీద పడుతుంది.

సినిమా బలం నటుల్లో ఉంది. అప్పటికి ట్రేసీ వయసు 58. కానీ మెట్లెక్కుతుంటే, కుర్చీలో వాలుతుంటే 72 ఏళ్ల మనిషే కనిపిస్తాడు. గోర్మన్‌గా వేసిన పాట్ ఓబ్రయన్, ట్రేసీ ఇద్దరూ మిల్వాకీ నగరంలో పుట్టిన చిన్ననాటి స్నేహితులు. తెర మీద వాళ్లిద్దరూ మాట్లాడకుండా ఒకరినొకరు చూసుకునే చోట్ల నటన కంటే ఎక్కువేదో ఉంది. జేమ్స్ గ్లీసన్, ఎడ్వర్డ్ బ్రోఫీ, ఫ్రాంక్ మెక్‌హ్యూ, డొనాల్డ్ క్రిస్ప్, బేసిల్ రాత్‌బోన్, జాన్ కారడీన్ అందరూ 1930ల సినిమాల్లో వెలిగి వయసు మీదపడ్డవాళ్లే. అప్పటి ప్రేక్షకుడికి ఆ ముఖాలు తన కుర్రతనం నాటివి. వాళ్లందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, మీ కాలం అయిపోయిందని చెప్పే కథ తియ్యడం ఫోర్డ్‌కే తట్టాలి. నవల మాటల్లో చెప్పినదాన్ని ఇక్కడ ముఖాలే చెప్పేస్తాయి.

ఈ సినిమాను నేను ఎవరికైనా సిఫారసు చెయ్యడానికి కారణం ఒక్క దృశ్యం. ఓట్ల లెక్కింపు అయిపోయింది. అనుచరులు నమ్మలేక కూలబడ్డారు. స్కెఫింగ్టన్ అందరికీ ధైర్యం చెప్పి, ఒంటరిగా ఇంటికి బయలుదేరుతాడు. పార్కు పక్కగా నడుస్తుంటాడు. వెనకాల గెలిచినవాడి ఊరేగింపు, బ్యాండు, జనం కేకలు. కెమెరా తొందరపడదు. ఆయన తల తిప్పి చూడడు, అడుగు వేగం పెంచడు. ఇంటికి చేరి, రోజూ పువ్వు పెట్టే భార్య చిత్రపటం ఉన్న చోటికి వస్తాడు. మెట్లెక్కబోతాడు. గుండెపోటు వస్తుంది. ఒక్క డైలాగూ లేకుండా ఓటమి బరువంతా మన మీద పడుతుంది. నవలలో ఎన్ని పేజీలున్నా ఈ నడకకు సాటి వచ్చేది లేదు. ఈ మాట నవలను ఎంతో ప్రేమించే మనిషిగా చెబుతున్నాను.

మెక్‌క్లస్కీ టీవీ ప్రసంగం కూడా గుర్తుండిపోతుంది. అచ్చమైన కుటుంబం అని చూపించడానికి భార్యాపిల్లల్ని కూర్చోబెడతారు, అద్దెకు తెచ్చిన కుక్క మొరుగుతూ మాటలకు అడ్డుపడుతుంది. 1958లో చూసినవాళ్లు నవ్వుకుని ఉంటారు. రెండేళ్లకే, 1960లో, ప్రెసిడెంట్ ఎన్నికలో అభ్యర్థులు కెనడీ, నిక్సన్‌ల మధ్య టీవీ చర్చలు జరిగాయి. ఇప్పుడు చూస్తుంటే నవ్వు సగంలో ఆగిపోతుంది.

సినిమా ఎక్కడ తగ్గింది? మూడు చోట్ల. మొదటిది, పైన చెప్పినట్టు మాంగన్ వాదనను వదిలేసింది. దాంతో ఓటమికి టీవీయే కారణమేమో, జనం కృతఘ్నులేమో అన్న భావన కలుగుతుంది. రెండోది, స్కెఫింగ్టన్‌ను మరీ మంచివాణ్ని చేసేసింది. బ్యాంకరు నార్మన్ కాస్ పేదల ఇళ్ల కోసం అడిగిన అప్పు ఇవ్వనంటే, అతని తెలివితక్కువ కొడుకుని ఫైర్ కమిషనర్‌గా వేసి, పరువు పోతుందన్న భయంతో దారికి తెచ్చుకుంటాడు మేయర్. హాయిగా చూసే దృశ్యమే. కానీ అది బెదిరింపు. చేసింది పేదల కోసం కాబట్టి సరే అని సినిమా మనల్ని ఒప్పించేస్తుంది. ఆ డబ్బున్న పాత వంశాలవాళ్లు, ‘యాంకీలు’, బొమ్మల్లా ఉంటారు. ఎదుటివాళ్లు అంత పిరికివాళ్లూ మూర్ఖులూ అయితే స్కెఫింగ్టన్‌ను ద్వేషించడానికి నిజమైన కారణం ఎవరికీ ఉండదన్నమాట. మూడోది, ఆడమ్‌ను కార్టూనిస్టు నుంచి క్రీడా విలేకరిగా మార్చారు. జెఫ్రీ హంటర్ చూడ్డానికి బాగుంటాడు, అంతకుమించి అతనికి ఏమీ ఇవ్వలేదు.

చివరి పడక దృశ్యం నవలలోనూ సినిమాలోనూ ఉంది. జీవితమంతా స్కెఫింగ్టన్‌ను ద్వేషించిన రోజర్ షుగ్రూ, మంచం పక్కన నిలబడి, ఇంకోసారి బతికే అవకాశం వస్తే ఇతను ఇలా బతకడు అన్నట్టు మాట్లాడతాడు. పోయాడనుకున్న స్కెఫింగ్టన్ కళ్లు తెరిచి, ఆ మాట తప్పని తేల్చేస్తాడు. ట్రేసీ దాన్ని చెప్పే తీరు కోసం ఈ సినిమా రెండోసారి చూశాను.

1977 టీవీ చిత్రం

‘హాల్‌మార్క్ హాల్ ఆఫ్ ఫేమ్’ శ్రేణిలో, 1977 నవంబరులో ప్రసారమైంది. దర్శకుడు విన్సెంట్ షెర్మన్. స్కెఫింగ్టన్‌గా కారల్ ఓకానర్ నటించాడు, స్క్రిప్టు కూడా ఆయనే రాసుకున్నాడు. రచయితదీ ఆయనదీ ఒకే ఇంటిపేరు, అయోమయపడొద్దు. ఆ సమయానికి కారల్ ఓకానర్ ‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’ సీరియల్‌లో నోటికొచ్చింది మాట్లాడే ఆర్చీ బంకర్‌గా అమెరికాలో ప్రతి ఇంటికీ తెలిసినవాడు. ఆ పాత్ర నీడ నుంచి బయటపడాలన్న తపన ఇందులో కనిపిస్తుంది. క్యాథలిక్ మతగురువు కార్డినల్ బర్క్‌గా బర్జెస్ మెరెడిత్ ఉన్నాడు, ఆ పాత్రకు ఎమ్మీ (టీవీ అవార్డు) నామినేషన్ వచ్చింది.

స్కెఫింగ్టన్‌ను ఓడించిన టీవీలోనే ఆయన కథ ప్రసారం కావడం నన్ను ఆలోచనలో పడేసింది. కానీ చిత్రం ఆ సంగతిని వాడుకోలేదు. అన్ని పాత్రలున్న నవలను కుదించేసరికి చుట్టూ ఉన్న మనుషులు చిన్నబోయారు, మధ్యలో ఒక్క నటుడే మిగిలాడు. కారల్ ఓకానర్‌ను ఇష్టపడేవాళ్లు, ఒకే పాత్రను ఇద్దరు నటులు ఎలా మోశారో పోల్చి చూడాలనుకునే నటనా విద్యార్థులు చూడొచ్చు. దీనితో మాత్రం మొదలుపెట్టకండి.

నాలుగో దారి: అసలు మనిషి

కల్పన వద్దు, జరిగింది చెప్పండి అనే పాఠకులూ ఉంటారు. వాళ్లకోసం జేమ్స్ మైకేల్ కర్లీ.

1874లో బోస్టన్‌లో పేద ఐరిష్ ఇంట్లో పుట్టాడు. స్నేహితుడి తరఫున పోస్టాఫీసు ఉద్యోగ పరీక్ష తనే రాసి దొరికిపోయి 1904లో జైలుకెళ్లాడు. జైల్లో ఉండగానే ఎన్నిక గెలిచాడు. నాలుగుసార్లు మేయర్, ఒకసారి మసాచుసెట్స్ గవర్నర్, కాంగ్రెస్ సభ్యుడు. 1932లో ప్రెసిడెంట్ అభ్యర్థిని ఎంచే డెమోక్రటిక్ సమావేశానికి సొంత రాష్ట్రం నుంచి చోటు దొరక్కపోతే, ప్యూర్టోరికో ప్రతినిధిగా ‘హైమే కర్లెయో’ అన్న పేరుతో వెళ్లి రూజ్‌వెల్ట్‌కు మద్దతు పలికాడు. ప్రతిఫలంగా ఆశించిన పదవి రాలేదు. పోలండ్‌కు రాయబారిగా వెళ్లమంటే వెళ్లనన్నాడు.

1947లో, నాలుగోసారి మేయర్‌గా ఉండగానే, తపాలా మోసం కేసులో అయిదు నెలలు జైల్లో ఉన్నాడు. ఆ సమయంలో సిటీ క్లర్కు జాన్ హైన్స్ మేయర్ బాధ్యతలు చూశాడు. కర్లీ తిరిగొచ్చి, మీరు అయిదు నెలల్లో చేసినదానికంటే నేను ఒక్క రోజులో ఎక్కువ చేశానన్నట్టు మాట్లాడాడు. మనసు గాయపడ్డ హైన్స్ 1949లో పోటీకి దిగి కర్లీని ఓడించాడు. నవలలో స్కెఫింగ్టన్ ఓడిన వెంటనే మరణిస్తాడు. కర్లీ మాత్రం 1955లో, 80 ఏళ్ల వయసులో కూడా పోటీకి నిలబడ్డాడు. జీవితం నవలంత పొందికగా ముగియలేదు.

ఇంటి సంగతి ఇంకా బరువైనది. మొదటి భార్య 1930లో పోయింది. తొమ్మిది మంది పిల్లల్లో ఏడుగురు ఆయన కళ్ల ముందే పోయారు. 1950లో ఒకే రోజున ఇద్దరు. ఓకానర్ దీన్నంతా తీసేసి ఒక్క పనికిరాని కొడుకుని ఇచ్చాడు. రచయితగా అది సరైన నిర్ణయమే అనుకుంటాను. అంత దుఃఖం కథలోకి వస్తే దాని ముందు ఎన్నిక కనిపించకుండా పోయేది.

నవల రాగానే కర్లీ లాయర్ల దగ్గరికి వెళ్తానన్నాడు. తర్వాత జనం ఆ మేయర్‌ను ప్రేమిస్తున్నారని గమనించి, అది నేనే అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. నవలలో మీకు బాగా నచ్చిందేమిటని ఓకానర్ అడిగితే, నేను చచ్చిపోయే చోటు అన్నాడని చెబుతారు. 1957లో ఆత్మకథ రాసి, మళ్లీ అలాగే చేస్తాను అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. సినిమా వచ్చినప్పుడు కొలంబియా మీద దావా వేశాడు, కోర్టు బయటే రాజీ అయింది. సినిమా విడుదలైన కొద్ది వారాలకు, 1958 నవంబరు 12న చనిపోయాడు.

ఆత్మకథలో నిజం పాలు జాగ్రత్తగా చూసుకోవాలి, అది తన్ను తాను మెచ్చుకునే పుస్తకం. జాక్ బీటీ 1992లో రాసిన జీవితచరిత్ర ‘ది రాస్కల్ కింగ్’ నమ్మదగినది, కర్లీ పాలన వల్ల బోస్టన్ ఏం కోల్పోయిందో కూడా చెబుతుంది. స్కెఫింగ్టన్ మీద ప్రేమ పెంచుకున్నవాళ్లు దాన్ని తప్పకుండా చదవాలి. అవినీతిని ఏ కథా ఇంత సూటిగా చూపించలేదు.

ఎవరికి ఏది

ఇంగ్లిష్ నవలలు చదివే అలవాటు లేనివాళ్లు సందేహం లేకుండా ఫోర్డ్ సినిమాతో మొదలుపెట్టండి. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, ఐరిష్ యాస కొన్నిచోట్ల అందదు. ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూడగలిగితే ఇంకా మంచిది. వార్డు ఎన్నికో పంచాయతీ ఎన్నికో దగ్గరగా చూసినవాళ్లు మీకంటే ఎక్కువ పట్టుకుంటారు. జాగారం దృశ్యం అయ్యాక కాసేపు ఆపి వాళ్లేమంటారో వినండి.

విద్యార్థులు, పార్టీల్లో పనిచేసేవాళ్లు, పత్రికల్లో ఉన్నవాళ్లు నవల చదవండి. మొత్తం చదివే తీరిక లేకపోతే జాగారం అధ్యాయం, మాంగన్ మాట్లాడే అధ్యాయం మాత్రం వదలొద్దు. ఇలా ముక్కలుగా చదవమని నేను ఏ నవలకూ సాధారణంగా చెప్పను. ఈ రెండు అధ్యాయాలు విడిగా కూడా నిలబడతాయి కాబట్టి చెబుతున్నాను.

బోస్టన్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్లకి ఇంకో వీలుంది. డౌన్‌టౌన్‌లో సిటీ హాల్ దగ్గర్లో కర్లీవి రెండు కంచు విగ్రహాలు పెట్టారు, ఒకటి నిలబడి, ఒకటి బెంచీ మీద కూర్చుని. జీవితచరిత్రలో కనీసం జైలు ఘట్టాలు చదివి వెళ్లి ఆ బెంచీ మీద పక్కన కూర్చోండి.

వయసు మళ్లిన తండ్రో మామగారో పదవీ విరమణ తర్వాత కుదురుకోలేక సతమతమవుతుంటే, వాళ్లకు ఏది ఇవ్వాలని ఒకరు నన్ను అడిగారు. సినిమా వద్దన్నాను. ఆ నడక ఒంటరిగా చూసే మనిషికి చాలా బరువు. నవల ఇవ్వండి, అందులో నవ్వు ఎక్కువ, చుట్టూ స్నేహితుల సందడి ఎక్కువ, చదవడానికి పది రోజులు పడుతుంది. సినిమా అయితే మీరు పక్కన కూర్చుని చూడండి.

రెండూ చెయ్యాలనుకునేవాళ్లకి వరస: ముందు సినిమా, తర్వాత నవల. నవల ముందు చదివితే సినిమాలో లేనివే కనిపిస్తూ ఉంటాయి, చిరాకు పుడుతుంది. సినిమా ముందు చూస్తే నవలలో స్కెఫింగ్టన్ మాట్లాడినప్పుడల్లా ట్రేసీ గొంతు వినిపిస్తుంది. నవల పూర్తయ్యాక సినిమా మళ్లీ మొత్తం చూడక్కర్లేదు. లెక్కింపు రాత్రి దగ్గర మొదలుపెట్టి, పార్కు పక్క నడక మీదుగా, మంచం దగ్గర పాత మిత్రులు చేరేదాకా చూడండి.